పైది ఎన్ని, కిందిది ఏంది

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా మేనకోడలు స్నేహ వచ్చి, తన కూతురు మినూని తార్నాకలో కీబోర్డు క్లాసులో చేర్పిస్తున్నానని, తోడు రమ్మని అడిగింది. తండ్రి పోయాక అది బెంగుళూరు వదిలిపెట్టి రామంతాపూర్‌లో తల్లి దగ్గరికి వచ్చేసింది. దాని తండ్రి అంటే నా తమ్ముడు రఘు. పోయిన వానాకాలంలో, ఎవరికీ పెద్దగా శ్రమ ఇవ్వకుండా, ఆస్పత్రిలో రెండు మూడు రోజులుండి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఇంకా ఎవరూ స్థిమితంగా కూర్చోవడం లేదు. ఏదో ఒక పని కల్పించుకుని అందరూ బయటికి పోతుంటారు. ఈ క్లాసు కూడా అలాంటి పనే అయివుంటుందనుకుని చెప్పులేసుకుని బయలుదేరాను.

మెట్రో లైను పక్కన, టిఫిన్ సెంటరు పైన, ఏసీ పెట్టిన చిన్న గది. కింద నుంచి దోసెల వాసన, సాంబారు వాసన. నేర్పే అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. తెల్లబోర్డు మీద అయిదు గీతలు గీసి, వాటి మొదట్లో ఒక నాలుగు అంకె, దాని కింద ఇంకో నాలుగు వేశాడు. రెండు నాలుగులు ఎందుకని మినూ అడిగింది. అతను ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. అది బిక్కమొహం వేసింది. నేను ఆలోచించకుండానే, "పైది ఎన్ని అని చెప్తుంది. కిందిది ఏది అని చెప్తుంది. ఒక్కో గదిలో నాలుగు పడతాయి, ఆ నాలుగూ పావులు" అనేశాను. అబ్బాయి నవ్వి, "కరెక్ట్ ఆంటీ, మీరు మ్యూజిక్ టీచరా?" అన్నాడు. స్నేహ నా వైపు తిరిగి ఇదెప్పుడు నేర్చుకున్నావంది. చిన్నప్పుడు మీ నాన్నా నేనూ ఇక్కడే, తార్నాకలోనే పియానో నేర్చుకున్నామని, నాకు పెద్దగా రాలేదు గాని మీ నాన్న చాలా బాగా వాయించేవాడని చెప్పాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సంగతి చెబుతున్నట్టు చూసింది నన్ను. "నాన్నా? పియానోనా?" అంది. అంత పెద్ద పిల్లకు, తండ్రి చేతుల్లో పెరిగిన పిల్లకు, ఆ సంగతి తెలియదు. వాడు ఏనాడూ చెప్పలేదు.

మేం పెరిగింది యూనివర్సిటీ క్యాంపస్‌లో, స్టాఫ్ క్వార్టర్స్‌లో. నాన్న లెక్కల లెక్చరర్. కడప జిల్లా మనిషి. ఊరు వదిలి ఎన్నేళ్లయినా మాట వదల్లేదు. ఇంటి వెనక పెద్ద పెద్ద రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఆ పైన నెమళ్ల అరుపులు. పొద్దున్నే అమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తుంటే ఆ పొగ ఇంట్లోకి వచ్చేది. వెనకాలే బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గాని తిరగమోత వాసన. నాన్న గడ్డం గీసుకుంటూ ఆ రోజు చెప్పబోయే పాఠం అద్దానికి చెప్పేవాడు. గొప్ప గొంతు. ఆయన క్లాసుకు వేరే డిపార్ట్‌మెంట్ల పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడి వినేవారట. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కా చేతుల నిండా సుద్దపొడి ఉండేది. అమ్మ ఆ చొక్కా దులిపి కొక్కేనికి తగిలించేది. రాత్రి భోజనాల దగ్గర ఆయనకొక అలవాటు. ఈరోజు ఏం నేర్చుకున్నారని ఒక్కొక్కరినీ అడిగేవాడు. నేను ఎగబడి చెప్పేదాన్ని. రఘు వంతు వచ్చేసరికి ఇంట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయేది.

రఘుకు నత్తి. మామూలుగా తడబడటం కాదు. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. మెడ నరాలు పొంగి, కళ్లు ఒకవైపుకు లాక్కుపోయేవి. "మ... మ... మ..." అంటూ వాడు పెనుగులాడుతుంటే, నాన్న కాసేపు చూసి, "మాస్టారు మెచ్చుకున్నాడు, అదేనా?" అని వాడి వాక్యం తనే పూర్తి చేసేవాడు. వాడు చెప్పదలుచుకున్నది అది కాకపోయినా అవునని తల ఊపి అన్నం కలుపుకునేవాడు. నాన్న కోప్పడేవాడు కాదు. అది ఆయన ప్రేమే. కొడుకు అవస్థ చూడలేక చేసే పని. ఊరినుంచి వచ్చినప్పుడల్లా అవ్వ వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి వాడి నాలుక మీద రాసేది. ఆ ఘాటు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే, కళ్లనీళ్లు పెట్టుకుని నోరు తెరుచుకు నిలబడ్డ తమ్ముడే కనిపిస్తాడు నాకు.

బడిలో అందరితో కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు వాడికి నత్తి రాదని కనిపెట్టింది అమ్మ. స్నానాలగదిలో పాడుకునేటప్పుడూ రాదని కూడా ఆమే గమనించింది. సంగీతం నేర్పిస్తే మాట సాఫీ అవుతుందేమోనని ఆమెకు ఆశ. క్యాంపస్‌లో ఉన్న వీణ టీచరు ఆడపిల్లలకే చెబుతానంది. పక్కింటి హిందీ లెక్చరర్ భార్య, తార్నాకలో ఎస్తేర్ మిస్ అని ఒకావిడ ఉందని, చర్చిలో వాయిస్తుందని, ఇంట్లో పిల్లలకు పియానో చెబుతుందని అన్నది. పియానో అంటే ఏమిటో అమ్మకు సరిగా తెలియదు. హార్మోనియం లాంటిదేనని నాన్నకు నచ్చజెప్పి, వాడిని ఒక్కడినే పంపడం ఇష్టం లేక నన్ను కూడా చేర్పించింది. వారానికి రెండు సాయంత్రాలు మేమిద్దరం క్యాంపస్ గుండ్ల మధ్య కాలిబాటన నడిచి తార్నాక చేరేవాళ్లం.

ఎస్తేర్ మిస్ తండ్రి రైల్వేలో గార్డుగా చేసి పోయాడు. రైల్వే వాళ్ల క్లబ్బులో పాతబడిన పియానోను తీసేస్తుంటే ఆయన అడిగి తెచ్చుకున్నాడట. ఆమె పెళ్లి చేసుకోలేదు. చెవులు వినిపించని ముసలి తల్లితో, పెంకుటింట్లో అద్దెకుండేది. ముందు గదిలో సగం ఆ పియానోనే. వేళ్లతో నొక్కే మెట్లు పసుపు పట్టి ఉండేవి. వానాకాలంలో చెమ్మకు చెక్క ఉబ్బకుండా లోపల ఒక చిన్న బల్బు వెలిగించి పెట్టేది. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన, పాత చెక్క వాసన, వేడెక్కిన దుమ్ము వాసన కలిసి వచ్చేవి. మిస్ పొట్టిగా, నల్లగా, తెల్లచీరలో ఉండేది. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేది. మా ఇంట్లో కడప మాట, బళ్లో పుస్తకం మాట, ఆమె దగ్గర హైదరాబాద్ మాట. మూడూ మాకు మూడు చొక్కాల్లా ఉండేవి.

మొదటి రోజు ఆమె మమ్మల్ని మెట్లు ముట్టుకోనివ్వలేదు. బేకరీ నుంచి తెప్పించిన దిల్‌పసంద్ ఒకటి పళ్లెంలో పెట్టింది. లోపల కొబ్బరి, టూటీఫ్రూటీ కూరిన గుండ్రటి రొట్టె. "గిది మొత్తం సెమీబ్రీవ్. నాలుగు దెబ్బలు" అని నాలుగుసార్లు చప్పట్లు లెక్కపెట్టింది. కత్తితో సగం కోసి, ఈ సగం మినిమ్, రెండు దెబ్బలు అంది. దాన్ని ఇంకా సగం చేసి, పావు ముక్క చూపించి, ఇది క్రాచెట్, ఒక్క దెబ్బ అంది. పావుకు సగం అద్దపావు, అది క్వేవర్, ఒక దెబ్బలో రెండు పడతాయి. కిరాణా కొట్లో పావు, అద్దపావు తూకాలు మాకు తెలిసినవే కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆమె పియానో మీద ఒక స్వరం నొక్కి పట్టుకునేది. అది ఎంతసేపు ఉందో మేం చప్పట్లతో లెక్కపెట్టి, ఏ ముక్కో చూపించాలి. సరిగా చూపినవాళ్లకు ఆ ముక్క. ఆ సాయంత్రం రఘు దాదాపు రొట్టెంతా తిన్నాడు. నాకు అద్దపావులే మిగిలాయి.

తర్వాతి వారాల్లో కాగితం మీద గీతలు, ఆ గీతలను అడ్డంగా కోసే నిలువు గీతలు వచ్చాయి. రెండు నిలువు గీతల మధ్య చోటును ఆమె అర్ర అనేది. అంటే గది. పాట మొదట్లో వేసే రెండు అంకెలను చూపించి, "పైది ఎన్ని, కిందిది ఏంది. గంతే యాదుంచుకోండ్రి" అనేది. కింద నాలుగంటే రొట్టెలో నాలుగో వంతు, ఎనిమిదంటే ఎనిమిదో వంతు. పైన మూడు, కింద నాలుగు ఉంటే, ఒక్కో అర్రలో మూడు పావులు. పైన ఆరు, కింద ఎనిమిది ఉంటే ఆరు అద్దపావులు. అర్ర నిండాలి, పొంగకూడదు, వెలితి ఉండకూడదు. ఒక్కోచోట స్వరం ఉండదు, ఊరుకోవాలి. ఆ ఊరుకోవడానికి కూడా గుర్తులున్నాయి, దాని కొలత దానికుంది. నేను అలాంటి చోట తొందరపడి ముందుకు దూకేదాన్ని. రఘు ఎన్నడూ దూకేవాడు కాదు. వేళ్లు మెట్ల మీద ఆనించి, పెదవులు కదుపుతూ, ఆ ఖాళీ అయ్యేదాకా ఉండేవాడు.

వాయించేటప్పుడు పైకి లెక్కపెట్టాలన్నది ఆమె నియమం. రఘు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏ అక్షరం దగ్గరా ఆగలేదు. నేను మిస్ మొహం వైపు చూశాను. ఆమె ఏమీ గమనించనట్టే ఉండి, కొన్నాళ్లకు లెక్క మధ్యలో వాడిని చిన్న చిన్న ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఈరోజు అన్నంలోకి ఏం కూర, దారిలో నెమలి కనిపించిందా. వాడు ఆ దెబ్బల మీదే జవాబు చెప్పేవాడు. ఒక్కో మాట ఒక్కో దెబ్బకు. ఇంకొన్నాళ్లకు వాయించకుండా కూడా, తొడ మీద వేలితో తట్టుకుంటూ చెప్పసాగాడు. ఎప్పుడైనా మాట పట్టేస్తే ఆమె ఎదురు చూసేది. తల ఊపడం, అందించడం, నవ్వడం ఏమీ చేసేది కాదు. కిటికీలోంచి బయటికి కూడా చూసేది కాదు. వాడి మొహం వైపే చూస్తూ, ఎంతసేపైనా అట్లా కూర్చునేది. తిరుగుదారిలో నా తమ్ముడు వాగుతూనే ఉండేవాడు. వాడికి అన్ని మాటలున్నాయని, నవ్వించేంత కొంటెతనం ఉందని నాకు ఆ గుండ్ల మధ్య బాటలోనే తెలిసింది. క్వార్టర్స్ కనిపించగానే ఆపేసేవాడు.

ఆ మార్పు సంగతి నా ద్వారా విని అమ్మ నాన్నకు చెప్పింది. ఒక సాయంత్రం ఆయన చెప్పకుండా తార్నాక వచ్చాడు. మిస్ కుర్చీ వేసింది. రఘు ఆరు-ఎనిమిది పాట వాయిస్తున్నాడు. అయిపోయాక నాన్న కాగితం తీసుకుని చూసి, ఆయన ధోరణిలో ఆయన నవ్వి, "ఇంతకుముందు పాటకు మూడు బై నాలుగు. దీనికి ఆరు బై ఎనిమిది. రెండూ ఒకటే గదా, కొట్టేస్తే అదే వస్తాది. మళ్లీ రెండు ఎందుకప్పా?" అన్నాడు. మిస్ జవాబు చెప్పబోయి, ఆగి, రఘు వైపు తిరిగి, "చెప్పు, సార్‌కు నువ్వే చెప్పు" అంది.

రఘు తొడ మీద వేలు ఆనించాడు. "నాన్నా, లెక్కలో ఒకటే. ఒక అర్రలో ఆరుగురు ఉన్నారనుకో. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుంటే మూడు జంటలు. ముగ్గురు ముగ్గురు పట్టుకుంటే రెండు గుంపులు. మనుషులు వాళ్లే. నడక వేరు" అన్నాడు. తర్వాత ఆ ఆరు స్వరాలనే రెండు రకాలుగా వాయించి చూపించాడు. ఒకసారి మూడు బరువులతో, ఒకసారి రెండు బరువులతో, ఊయల ఊగినట్టు.

నాన్న చాలాసేపు కాగితం వైపే చూశాడు. "ఎవురు చెప్పినార్రా నీకు ఈ మాట?" అన్నాడు.

"ఎవరూ చెప్పలా. నాకే తోచింది."

తిరిగి వచ్చేటప్పుడు నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. క్యాంపస్‌లో ఎదురైన ప్రతివారినీ ఆపి పలకరించాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు. ఆ సంతోషమే మా తమ్ముడి కొంప ముంచిందని ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు గాని, జరిగింది అదే. ఆ రాత్రి భోజనాల దగ్గర, అమ్మ వినాలని, ఆ ఆరుగురి కథ మళ్లీ చెప్పమన్నాడు నాన్న. రఘు నోరు తెరిచాడు. మొదటి అక్షరమే పట్టేసింది. వేలు తొడ మీద కొట్టుకుంటూనే ఉంది గాని మాట రాలేదు. నాన్న మొహంలో నవ్వు మెల్లగా పోవడం నేను చూశాను. "అక్కడ చెప్పినోనివి ఇక్కడ చెప్పలేవా?" అన్నాడు. కొడుక్కు మాట రాదని నమ్మినన్నాళ్లు ఆయన జాలిపడ్డాడు. వస్తుందని తెలిసిన తర్వాత ఇక జాలిపడలేకపోయాడు. వాడు ప్రయత్నించడం లేదనుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వాడిని ఎదురుగా నిలబెట్టి మాట్లాడించేవాడు. చెయ్యి తొడ మీదికి పోతే వద్దనేవాడు. తాళం లేకుండా చెప్పమనేవాడు. ఇటు బళ్లో వాడు ధైర్యం చేసి దెబ్బల మీద జవాబు చెబితే పిల్లలు అదే తీరుగా తొడలు కొట్టుకుంటూ వెక్కిరించారు. ఆ సంగతి ఒక మాస్టారి ద్వారా నాన్న చెవిన పడింది. పియానో వల్ల ఒక అవకరం పోయి ఇంకోటి వచ్చిందని ఆయనకు గట్టిగా అనిపించింది. మాటకు తాళం వేస్తే అది పాట అవుతుంది గాని మాట కాదన్నాడు. ఇక తార్నాక వెళ్లక్కర్లేదన్నాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. రఘు పుస్తకాల సంచీలోంచి పాటల కాగితాలు తీసి, మడిచి, అలమారులో బట్టల కింద పెట్టుకున్నాడు.

రెండు వారాలు మేం వెళ్లకపోయేసరికి ఎస్తేర్ మిస్ రిక్షా మాట్లాడుకుని మా క్వార్టర్స్‌కు వచ్చింది. ఆమెను పియానో లేని చోట చూడటం మాకు అదే మొదలు. ఇంకా చిన్నగా కనిపించింది. అమ్మ కాఫీ ఇచ్చింది. నాన్న లేచి నిలబడి, కూర్చోమని, చాలా మర్యాదగా మాట్లాడాడు. మీరు చెప్పడంలో లోపం లేదని, వాడు రేపు ఉద్యోగాలకు పోవాల్సినవాడని, ఇట్లా తట్టుకుంటూ మాట్లాడితే లోకం నవ్వుతుందని అన్నాడు. నేనూ రఘూ లోపలి గది తలుపు వెనక ఉన్నాం.

"నవ్వెటోళ్లు నాలుగు దినాలు నవ్వి ఊకుంటరు సార్" అంది మిస్. "నేను వానికి మాట నేర్పలేదు. నాకు రాదు గూడ. వాడు ఆగినప్పుడు నేను ఆగిన. గంతే చేసిన. మీరు గూడ జర ఆగుండ్రి. వాడు మాట్లాడ్తడు."

నాన్న మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత, "మీరు టీచరు మేడమ్, ఆగగలరు. నేను తండ్రిని. నాతో కాదు" అన్నాడు. ఆ గొంతులో అహంకారం లేదు. క్లాసులు దద్దరిల్లే ఆ గొంతు, ఆ రెండు మాటలకే వణికింది. ఆమె కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అమ్మకు చెప్పి వెళ్లిపోయింది. తలుపు వెనక నా పక్కన ఉన్న రఘు చెయ్యి నా చేతిలోనే ఉంది.

తర్వాత కూడా కొన్నిసార్లు బడి నుంచి వస్తూ వాడు తార్నాక మీదుగా చుట్టు తిరిగి రావడం నాకు తెలుసు. ఆ ఇంటి గేటు బయట నిలబడి, లోపల వేరే పిల్లలు తప్పులు వాయిస్తుంటే విని వచ్చేవాడు. మిస్ చూసినా పిలిచేది కాదట. పిలిస్తే నాన్న మాట వాడిచేత దాటించినట్టవుతుందని కావచ్చు. మేం కాలేజీల్లోకి వచ్చేసరికి ఆ పెంకుటింటి యజమాని ఇల్లు పడగొట్టడానికి ఖాళీ చేయమన్నాడు. అప్పటికి ముసలి తల్లి పోయింది. మిస్ ఎవరో చుట్టాల దగ్గరికి, మెదక్ వైపు వెళ్లిపోతోందని తెలిసి మేమిద్దరం వెళ్లాం. అప్పటికే పియానోను ఎవరో కొనుక్కున్నారు. కూలీలు దాన్ని తాళ్లతో కట్టి గుమ్మం దాటిస్తుంటే లోపలి తీగలన్నీ ఒక్కసారిగా మూలిగాయి. ముగ్గురం అరుగు మీద నిలబడి చూశాం. రఘు ఏదో చెప్పబోయాడు. మాట పట్టేసింది. మిస్ వాడి వైపు తిరిగి, ఎప్పటిలాగే చూస్తూ నిలబడింది. పియానో ఎక్కించిన బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. అప్పటికి వచ్చింది వాడికి మాట. "మీరు వెళ్లిన చోట పియానో ఉంటుందా మిస్?" అన్నాడు. ఉండదని తల అడ్డంగా ఊపి, వాడి బుగ్గ మీద చెయ్యి పెట్టింది. ఆమె పోయిన సంగతి మాకు చాలా ఆలస్యంగా, చర్చివాళ్ల ద్వారా తెలిసింది.

రఘు హబ్సిగూడలో ఒక సైన్సు సంస్థ లైబ్రరీలో ఉద్యోగం సంపాదించుకున్నాడు. పుస్తకాలు సర్దడం, కార్డులు రాయడం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. ఉన్నవాటిలో అదే కోరి తీసుకున్నాడు. పెళ్లయింది, స్నేహ పుట్టింది. నాన్న రిటైరయ్యాక రామంతాపూర్‌లో ఇల్లు కట్టుకుని అందరూ ఒక్కచోటే ఉన్నారు. ఆ తండ్రీ కొడుకులు పోట్లాడుకున్నది నేనెన్నడూ చూడలేదు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని పేపరు చదువుకునేవారు. కూరగాయలకు కలిసి వెళ్లేవారు. మాటలు మాత్రం తక్కువ.

నాన్న ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. వాకిట్లో పురోహితుడు మంత్రం చెబుతూ, తనతో పాటు అనమని రఘుకు చెప్పాడు. చుట్టాలంతా ఇబ్బందిగా తలలు దించుకున్నారు. రఘు అన్నాడు. గోత్రం, నాన్న పేరు, తాత పేరు, అంత పొడుగు పొడుగు సంస్కృతం మాటలు, పురోహితుడి వెంట, ఆ దరువులో, ఒక్కచోట కూడా తట్టుపడకుండా అన్నాడు. అచ్చం నాన్న గొంతు. గోడ బయట నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు. అమ్మ నా భుజం పట్టుకుని కూర్చుని ఉంది. "ఒక్క దినమన్నా ముందు ఇనింటే, ఆ మనిషి ప్రాణం ఎంత కుదుటపడేదో" అంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

ఇదంతా క్లాసు అయిపోయాక, కారులో, స్నేహకు చెప్పాను. ఇంత వరసగా కాదు, తోచినట్టు. అది ఇంటికి పోకుండా క్యాంపస్ వైపు తిప్పింది. మా క్వార్టర్స్ వరస ఇప్పుడు లేదు. ఆ చోట ఏవో కొత్త బిల్డింగులు లేచాయి. గుండ్లు కొన్ని మిగిలాయి. ఈ రోజుల్లో నత్తి ఉన్న పిల్లలకు నేర్పేవాళ్లున్నారు. దెబ్బ కొట్టి లెక్క చూపడానికి ఫోన్లున్నాయి. ఆ టిఫిన్ సెంటరు పైన కుర్రాడు కూడా మంచివాడే. మా రోజులే గొప్పవని నేననను. మా రోజుల్లో మంచివాళ్లకు కూడా తెలియనిది చాలా ఉండేది. కాకపోతే, ఒక పిల్లవాడి ఎదుట చేతులు ఒళ్లో పెట్టుకుని అంతసేపు కూర్చోగలిగిన మనిషిని మళ్లీ నేను చూడలేదు.

చెట్టు నీడన కారు ఆపి స్నేహ చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో మినూ నిద్రపోయింది. "అత్తా, నేను ఫోన్ చేస్తే నాన్న అమ్మకిచ్చేసేవాడు. నాతో చెప్పేందుకు ఆయనకేమీ లేదనుకునేదాన్ని" అంది. కాసేపటికి ఫోన్ తీసింది. పోవడానికి కొన్ని వారాల ముందు ఒకసారి, అమ్మ ఇంట్లో లేనప్పుడు, నాన్న ఒక వాయిస్ మెసేజ్ పంపాడని చెప్పింది. ఎప్పుడూ పంపేవాడు కాదట. ఆఫీసులో ఉండి, మొదట్లో చప్పుడేమీ లేకపోతే పొరపాటున నొక్కివుంటాడులే అనుకుని ఆపేసిందట. సాయంత్రం అమ్మనడిగితే, ఏం లేదు, పిల్లకు జ్వరం ఎట్లా ఉందని అడిగుంటారు అన్నదట. తర్వాత దాన్ని తెరవడానికి ధైర్యం చాలలేదంది.

ఇప్పుడు నొక్కింది. ముందు ఫ్యాన్ చప్పుడు. తర్వాత వాడి ఊపిరి. చాలాసేపు అంతే. స్నేహ కళ్లు మూసుకుంది. మినూ పేరులో మొదటి అక్షరం దగ్గర వాడు పెనుగులాడటం వినిపించింది. ఆగింది, మళ్లీ మొదలైంది. ఇద్దరం కదలలేదు. జ్వరం తగ్గిందా అని అడిగాడు. నువ్వు వేళకు తింటున్నావా అని అడిగాడు. మళ్లీ ఫ్యాన్ చప్పుడు, ఇంకా పొడుగ్గా. అయిపోయిందనుకున్నాం. స్నేహ వేలు ఫోన్ మీదికి వెళ్లి ఆగిపోయింది. అప్పుడు, తడుముకుంటూ, ఒక్కొక్క అక్షరమే పోగుచేసుకుంటూ, "నీ గొంతు విని చాలా రోజులైంది తల్లీ, ఒకసారి వచ్చిపో" అన్నాడు.